ఆ ఇంటికి యజమానురాలు ఎవరు?

(మహిళా సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వృద్ధ స్త్రీల సమస్యల మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ మాట వినగానే మనకు పింఛను, వైద్యం, వృద్ధాశ్రమం గుర్తొస్తాయి. నేను ఈ రోజు ఇంటి గురించి మాట్లాడతాను. ఒంటరిగా ఉంటున్న ముసలావిడ ఇల్లు పాడైపోతే పదిమందీ చేయి వేసి బాగుచేయడం మంచి పనే. అందులో సందేహం లేదు. కాని ఆ మంచి పని చివరకు ఎవరికి దక్కుతుంది? ఈ ప్రశ్న నాకు పుస్తకాలు చదివితే రాలేదు. నేను చేసిన ఒక పొరపాటు వల్ల వచ్చింది.

పదేళ్ళ కిందట గోదావరి డెల్టాలోని ఒక ఊళ్ళో ఎన్.ఎస్.ఎస్. శిబిరానికి విద్యార్థులతో వెళ్ళాను. 1969లో, గాంధీ శతజయంతి సంవత్సరంలో మొదలైన పథకం ఇది. పిల్లలు ఏడు రోజులు ఊళ్ళో ఉండి ఏదో ఒక పని చేస్తారు. ఊరి పెద్దలు మాకు ఒక మామ్మ ఇల్లు చూపించారు. డెబ్బై అయిదేళ్ళ మనిషి. భర్త పోయి చాలా ఏళ్ళయింది. కొడుకు హైదరాబాదులో ఉంటాడు. కూతుళ్ళిద్దరూ అత్తవారిళ్ళలో. ఇల్లు పెంకుటిల్లు. పెంకులు జారిపోయి, వాసాలు పుచ్చిపోయి, వాన వస్తే మంచం ఏ మూలకు లాగినా తడిసేది. వీధి అరుగు కుంగింది. నూతి చప్టా నిండా పాచి.

ఏడు రోజుల్లో చాలా పని చేశాం. మగపిల్లలు కప్పు ఎక్కి ఊరి మేస్త్రీ చెప్పినట్టు వాసాలు మార్చారు, పెంకులు సర్దారు. అరుగుకు సిమెంటు చేశారు. ఆడపిల్లలు ఊడ్చారు, నీళ్ళు మోశారు, వెల్ల వేశారు, అందరికీ వంట చేశారు. ఆ పని పంచింది నేనే. ఎవరూ నన్ను అడగలేదు, నేనూ నన్ను అడుక్కోలేదు.

పెరడంతా పిచ్చిమొక్కలని ఒక్క పూటలో చదును చేసేశారు. అందులో గోంగూర మడి పోయింది. దొండపాదు పందిరి పోయింది. ఎండిన కొబ్బరి మట్టల కుప్ప పోయింది. ఆ గోంగూర ఆమెకు వారంలో రెండు మూడు రోజుల కూర. దొండకాయలు ఇరుగుపొరుగు వాళ్ళకిస్తే నాలుగు డబ్బులు వచ్చేవి. మట్టలు పొయ్యిలోకి. ఇవన్నీ నాకు తరువాత తెలిశాయి. ఆ రోజు ఆమె, "పోనీలే నాయనా, ఎండలో కష్టపడ్డారు" అంది. అది సంతోషంతో అన్న మాటే అనుకున్నాం. చివరి రోజు ఆ కొత్త అరుగు మీద కూర్చుని ఫొటో తీయించుకున్నాం. నివేదికలో 'ఫలానా వారి ఇల్లు' అని రాశాం. ఆ పేరు చనిపోయిన ఆమె భర్తది.

ఏడాది తరువాత ఒక పరిశోధన పని మీద అటువైపు వెళ్ళి, మామ్మను చూద్దామని ఆగాను. మేం వెల్ల వేసిన గదుల్లో ఎవరో అద్దెకున్నారు. మామ్మ వెనక వంటపాకలో ఉంది. ఆ పాకకు మేం చేయి పెట్టలేదు. సంక్రాంతికి కొడుకు వచ్చి ఇల్లు చూసి మురిసిపోయాడట. వానకు కారినన్నాళ్ళూ ఆ ఇల్లు ఎవరికీ అక్కరలేకపోయింది. బాగుపడగానే అది ఆస్తి అయింది. అద్దె కొడుకుకు వెళుతోంది. "ఏదో కాయితం మీద వేలిముద్ర వేయించుకున్నాడమ్మాయ్, పన్ను కాయితమో ఏదో" అంది. ఎవరూ చదివి వినిపించలేదు.

మిత్రులారా, ఆ కొడుకు దుర్మార్గుడని చెప్పి ఈ కథ ముగించడం తేలిక. కాని మేమేం చేశాం? మేం కూడా అది ఆమె ఇల్లని అనుకోలేదు. అనుకుని ఉంటే పెరట్లో పార వేసేముందు ఆమెను అడిగేవాళ్ళం. మనింటికి మేస్త్రీ వస్తే మనల్ని అడగకుండా చెట్టు కొడతాడా?

ఇంకో సంగతి. నలభై ఏళ్ళకు పైగా ఆ ఇల్లు అలికింది ఆమె. గోడలకు మట్టి మెత్తింది, పండక్కి వెల్ల వేసింది, చూరు కింద కన్నాలు పూడ్చింది ఆమె. దాన్నెవరూ మరమ్మతు అనలేదు, ఇంటి చాకిరీ అన్నారు. మేం వారం రోజులు చేసింది మాత్రం సేవ అయింది. ఇల్లు నిలబెట్టిన శ్రమ లెక్కలోకి రానప్పుడు ఆ ఇంటి మీద హక్కు మాత్రం లెక్కలోకి ఎలా వస్తుంది?

చట్టం ఏమంటుందో చూద్దాం. ఆ ఇల్లు భర్త స్వార్జితం. ఆయన వీలునామా రాయలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుక్కి, కూతుళ్ళిద్దరికీ సమాన వాటాలు. అంటే ముప్పాతిక ఇల్లు ఆడవాళ్ళది. కాని ఊళ్ళో ఎవరిని అడిగినా అది వాళ్ళ అబ్బాయి ఇల్లంటారు. అదే చట్టంలోని 23వ సెక్షను, కుటుంబం ఉంటున్న ఇంటిని మగ వారసులు పంచుకోదలిస్తే తప్ప ఆడవాళ్ళు పంపకం అడగకూడదని చెప్పేది. 2005 సవరణతో అది పోయింది. పిత్రార్జితంలో కూతుళ్ళకు సమాన హక్కు మన రాష్ట్రం 1986లోనే ఇచ్చింది, అప్పటికే పెళ్ళయిపోయిన వాళ్ళను వదిలేసినా. 2005లో అది దేశమంతటికీ వచ్చింది.

కూతుళ్ళతో మాట్లాడాను. "వాటా అడిగితే పుట్టింటి వాకిలి మూసుకుపోతుందండీ" అన్నారు. అన్నదమ్ముల అండ పోతుందన్న భయంతో స్త్రీలు వాటా వదులుకోవడం గురించి బీనా అగర్వాల్ 1994లో వచ్చిన 'ఎ ఫీల్డ్ ఆఫ్ వన్స్ ఓన్' పుస్తకంలో వివరంగా రాశారు. అది తెలియనితనం కాదు, బతుకు లెక్క. ఆ లెక్క మారాలంటే ఆమె వెనక ఇంకెవరైనా ఉండాలి.

2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. పోషణ కోసం ఆర్డీవో స్థాయి అధికారి ఉండే ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూసుకోకపోతే, ఆ బదిలీని రద్దు చేయమని అడగవచ్చు. ఆ షరతు పత్రంలోనే స్పష్టంగా రాయించుకోవాలని మరిచిపోకండి. ఇదంతా మామ్మకు చెప్పాను. ఆమె అంది: "కొడుకు మీద కాయితం పెట్టమంటావా అమ్మాయ్? రేపు నాకు తలకొరివి పెట్టేదెవరు?" నా దగ్గర జవాబు లేదు.

జవాబు వెతికింది ఆ ఊరి పొదుపు సంఘం ఆడవాళ్ళు. వాళ్ళు కేసు మాట ఎత్తలేదు. ఆమెను వెంటబెట్టుకుని పంచాయతీ ఆఫీసుకు వెళ్ళారు. వేలిముద్ర వేసిన కాగితం, ఇంటి పన్ను కొడుకు పేరు మీదకు మార్చడానికి ఆమె ఒప్పుకున్నట్టు రాసింది. "వేలిముద్ర నాదే, మాట నాది కాదు" అని ఆమె అక్కడే చెప్పింది. పేరు మార్పు ఆగింది. భర్త మరణ ధృవపత్రం, కుటుంబ సభ్యుల ధృవపత్రం పెట్టి, కూతుళ్ళను కూడా ఒప్పించి, ఆమె పేరు ఎక్కించారు. తరువాత కొడుకును కూర్చోబెట్టి మాట్లాడారు. ముందు గది, సగం అద్దె ఆమెకు వచ్చాయి. పూర్తి న్యాయమా? కాదు. పన్ను రసీదు హక్కు పత్రం కూడా కాదు. కాని తలుపు తాళంచెవి ఆమె కొంగున ఉంది. గోంగూర మడి మళ్ళీ వేసింది.

ఈ విషయం ఇప్పుడు మరీ అవసరం. గ్రామకంఠంలోని ఇళ్ళకు చాలా చోట్ల పన్ను రసీదు తప్ప కాగితం ఉండదు. 2020 ఏప్రిల్ 24న మొదలైన స్వామిత్వ పథకం కింద ఆ స్థలాలను డ్రోన్లతో కొలిచి ఆస్తి కార్డులు ఇస్తున్నారు. కొలతలకు వచ్చిన రోజున ఇంటి ముందు ఎవరు నిలబడితే, ఎవరి పేరు చెబితే అది రాసుకునే ప్రమాదం ఉంది. ఆ రోజు మన సంఘాల వాళ్ళు ఇలాంటి ఆడవాళ్ళ పక్కన నిలబడాలి.

సేవ వద్దని నేను అనడం లేదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తరువాత ఎక్కడెక్కడి నుంచో మనుషులు వచ్చి ఇళ్ళు నిలబెట్టారు. ఆ చేతులు లేకపోతే సమాజం లేదు. నేను అడిగేది ఇంతే. ఎవరి ఇంటి కప్పయినా ఎక్కేముందు ఆమె దగ్గర కూర్చోండి. ఏది ముందు బాగుచేయాలి, ఏది ముట్టుకోకూడదు అని అడగండి. ఇల్లు ఎవరి పేరున ఉందో, వారసులెవరో పంచాయతీలో చూడండి. ఆమె వేలిముద్ర వేసే ప్రతి కాగితం ఇంకో ఆడమనిషి చదివి వినిపించాకే వేసేలా చూడండి. శిబిరం అయిపోయాక కూడా వెళ్ళి వచ్చే మనిషి ఒకరు ఉండేలా ఏర్పాటు చేయండి. ఆడపిల్లల్ని కూడా కప్పు ఎక్కించండి.

నివేదికలో మాత్రం ఆమె పేరే రాయండి. మేం రాయలేదు. ఆ తప్పు ఇప్పటికీ ఆ కాలేజీ బీరువాలో అలాగే ఉంది.