ఆగిన పళ్ళెము మరల తిరుగునా?

పాత తెలుగు పుస్తకములను కంప్యూటరు తెరపై చదువువారికి ఒక చీటీ సుపరిచితము. ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయము పేరును, గడువులోపల పుస్తకమును తిరిగి ఇయ్యవలెనను హెచ్చరికయు అందుండును. ఆ ప్రతిని ఇప్పు డెవ్వరును తిరిగి ఇయ్యనక్కరలేదు. అయినను చీటీ మాత్రము పుస్తకముతోపాటు లోకమంతయు తిరుగుచున్నది.

1918లో స్థాపితమైన ఆ విశ్వవిద్యాలయపు ఆవరణమునందును, దానిని ఆనుకొనియున్న తార్నాక పరిసరములందును పరిశోధనాలయములు పెక్కు కలవు. నేటి జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరునుండి ఇచ్చటికి తరలివచ్చినదే. ఇట్టి చోట్ల కంప్యూటరులు రాత్రింబవళ్ళు నడుచుట సామాన్యము. ఏండ్ల తరబడి ఆగని యంత్రమును సెలవులకో, విద్యుత్తు మరమ్మతునకో ఆపి, తిరిగి మీట నొక్కినపుడు దానిలోని హార్డ్ డిస్క్ లేవకపోవుట నిర్వాహకులెల్లరు ఎరిగిన కష్టము. నిన్నటివరకు బాగుగనే యున్నదే యని వాపోవుదురు. నిజమే, నడుచుచున్నంతసేపు బాగుగనే యుండెను. ముసలియెద్దు కాడి క్రింద నడుచుచునే యుండును. ఒకసారి కూలబడినదా, దానిని లేపుట కష్టము.

1956లో ఐ.బి.ఎం. వారు తెచ్చిన మొదటి హార్డ్ డిస్క్ నందు రెండడుగుల వెడల్పుగల పళ్ళెములు 50 ఉండెను. ఒక టన్ను బరువుగల ఆ యంత్రము దాచినవి 50 లక్షల అక్షరములు మాత్రమే. నేటిది అరచేతిలో ఇముడును. మేజపై కంప్యూటరులలో దాని పళ్ళెము సామాన్యముగా నిమిషమునకు 7,200 సార్లు తిరుగును. అనగా దాని అంచు గంటకు 120 కిలోమీటర్లకు పైగా పరువిడును. చదువు ముల్లు పళ్ళెమును తాకక, వెంట్రుక మందములో వేలవంతు కంటెను తక్కువ ఎత్తున గాలిపై తేలుచుండును.

పొలము మోటారు నెరిగిన రైతునకు తక్కినది సులభముగా బోధపడును. తిరుగుచున్న మోటారునకు కొద్ది విద్యుత్తు చాలును; నిలిచియున్నదానిని కదల్చుటకు అంతకు ఎన్నోరెట్లు కావలెను. అరిగిన బేరింగు, బలహీనపడిన విద్యుత్ భాగము ఆ క్షణముననే బయటపడును. వేడితో వ్యాకోచించిన అతుకులు చల్లారి కుంచించుకొన్నపుడు సన్నని బీట విడిపోవచ్చును. పూర్వపు డిస్కులలో ముల్లు పళ్ళెముపైననే దిగి, నునుపుదనము చేత అచ్చటనే అంటుకొనిపోయెడిది. ఇప్పటివానిలో దానిని ప్రక్కనున్న వాలుబల్లపై నిలుపుదురు గనుక ఆ బాధ తగ్గినది. వేరొక కారణమును అనేకులు ఊహింపరు. డిస్క్ తాను లేచుటకు కావలసిన ఆజ్ఞలలో కొన్నింటిని తన పళ్ళెముమీదనే వ్రాసికొని, మేల్కొనునపుడు చదువుకొనును. ఆ చోటు చెడినను, నడుచుచున్నంతకాలము ఎవ్వరికిని తెలియకపోవచ్చును.

లేవని డిస్కును శీతలపేటికలో పెట్టుమనియు, బల్లకు తట్టుమనియు సలహా లిచ్చువారు కలరు. చలికి లోపల తేమ చేరును. తట్టిన ముల్లు పళ్ళెమును గీయును. టిక్కు టిక్కుమను శబ్దము వచ్చినచో మాటిమాటికి మీట నొక్కరాదు. ధూళిలేని గదిలో విప్పి చూచు నిపుణులు కలరు. వారి రుసుము చాల హెచ్చు, ఫలము సందేహాస్పదము.

కావున ప్రతి తీయవలసినది ఆపిన పిదప కాదు, ఆపుటకు ముందే. ఉస్మానియా చీటీగల పుస్తకములనే చూడుడు: డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా తొలి వెబ్‌సైటు మూతపడినను, అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ నందు ప్రతులుండుటచేత అవి నేటికిని లభించుచున్నవి. పళ్ళెములు లేని కొత్త నిల్వలను కొన్నను నిశ్చింత లేదు. విద్యుత్తు లేక ఏండ్ల తరబడి మూలపడినచో అవియు దాచినదానిని మరువవచ్చును.

గ్రామ గ్రంథాలయమున దానపత్రములు, జాతర ఛాయాచిత్రములు, పెద్దల కంఠస్వరములు కంప్యూటరులో చేర్చినవారు రెండవ ప్రతిని వేరొక డిస్కుపైకి ఎత్తి, వేరొక యింట ఉంచవలెను. ఆరు మాసముల కొకసారి దానిని తెరచి, నాలుగు చిత్రములైనను చూచి, ఒక కంఠమైనను విని, ఆ తేదీని పుస్తకములో వ్రాయవలెను.