పరిమితి పెరిగింది, బిల్లు కదల్లేదు

తాలూకా ఆసుపత్రిలోనే ఉద్యోగమంతా గడిపిన డాక్టరుగారి పేరున జరిగే సభ ఇది. వైద్య శాస్త్రం ఘనత గురించి చెప్పడానికి ఈ సభలో నాకన్నా అర్హులున్నారు. నేను డబ్బు గురించి మాట్లాడతాను.

ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలోని అంశాలు. అంటే మన రోగాల పద్దు ప్రధానంగా తేలేది ఢిల్లీలో కాదు, హైదరాబాదులో, అమరావతిలో. 2007కు ముందు పేదవాడికి గుండె ఆపరేషన్ అవసరమైతే ఏం చేసేవాడు? ఆసుపత్రి ఇచ్చిన ఖర్చు అంచనా కాగితం పట్టుకుని ఎమ్మెల్యే ఇంటికి వెళ్ళేవాడు. అక్కడ సిఫారసు లేఖ, ఆపైన ముఖ్యమంత్రి సహాయ నిధి. లేఖ దొరకనివాడు పొలం అమ్మేవాడు.

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో పేదలకు ఉచితంగా ఆసుపత్రి చికిత్స చేయించే ఆరోగ్యశ్రీ పథకం మొదలైంది. 2008 జులై నాటికి అన్ని జిల్లాలకూ పాకింది. తెల్ల రేషన్ కార్డు ఉంటే చాలు, లేఖతో పనిలేదు. ఏ పార్టీవాళ్ళు ఏమనుకున్నా, ఈ పాతికేళ్ళలో మన ప్రభుత్వాలు తీసుకున్న నిర్ణయాల్లో ఇంతగా సామాన్యుడి గడప తొక్కినవి తక్కువ.

ఆ పథకం పనితనం పెద్దాసుపత్రి ముందు హాల్లో, రోగులకు సాయం చేసే ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర కనిపిస్తుంది. కార్డు చూస్తారు, పేరు కంప్యూటర్లో ఎక్కిస్తారు, రిపోర్టులు పథకాన్ని నడిపే ట్రస్టుకు పంపుతారు. అక్కడి డాక్టర్లు ఒప్పుకుంటేనే ఆపరేషన్. రోగికి భోజనం, ఇంటికెళ్ళాక పది రోజుల మందులు, చివరికి తిరుగు ప్రయాణానికి బస్సు చార్జీ కూడా ఆ ప్యాకేజీలోనే. బస్సు చార్జీని గుర్తుపెట్టుకున్న ఆ అధికారి ఎవరో గానీ, పల్లెటూరి కష్టం తెలిసినవాడు.

తర్వాత ఏమైంది? పేర్లు మారాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, మళ్ళీ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. దాన్ని వదిలేద్దాం. చికిత్స ఖర్చు పరిమితులు పెరిగాయి. మొదట్లో 2 లక్షలు. 2023 డిసెంబరు 9న తెలంగాణ దాన్ని 10 లక్షలు చేసింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ 25 లక్షలంది. వినడానికి బాగుంది. కానీ ప్యాకేజీల్లో ఎక్కువ భాగం ఆ పాత పరిమితికే లోబడి ఉంటాయి. పరిమితి పెంచినందువల్ల మేలు కలిగేది కొద్దిమందికి. బిల్లు వేళకు చెల్లిస్తే అందరికీ.

అసలు చిక్కు అక్కడే ఉంది. రోగి డిశ్చార్జి అయ్యాక ఆసుపత్రి క్లెయిము పెడుతుంది, ట్రస్టు పరిశీలించి ఒప్పుకుంటుంది. అక్కడినుంచి కాగితం ఆర్థిక శాఖ దగ్గర ఆగుతుంది. బడ్జెట్లో కేటాయింపు ఉంటుంది, విడుదల ఉండదు. బకాయిలు పేరుకుపోయి 2025 సెప్టెంబరులో తెలంగాణలోను, అక్టోబరులో ఆంధ్రలోను పథకంలో చేరిన ప్రైవేటు ఆసుపత్రులు సేవలు నిలిపేశాయి. ఇది మొదటిసారి కాదు. సమ్మె అయితే పత్రికల్లో వస్తుంది. సమ్మె లేని రోజుల్లో “బెడ్లు ఖాళీ లేవమ్మా, వచ్చే వారం రండి” అంటారు. ఆ మాట ఏ లెక్కలోకీ రాదు.

ప్రైవేటు ఆసుపత్రుల పక్షాన వకాల్తా పుచ్చుకోవడం నా ఉద్దేశం కాదు. అవసరం లేకుండా గర్భసంచులు తీసేస్తున్నారన్న ఆరోపణలు ఈ పథకం మీదే వచ్చాయి. కొన్ని చికిత్సలను సర్కారు ఆసుపత్రులకే ప్రత్యేకించడం మంచి నిర్ణయం. అక్కడ ఆపరేషన్ జరిగితే క్లెయిము సొమ్ము ఆ ఆసుపత్రికే వస్తుంది. దాంతో పరికరాలు కొనుక్కోవచ్చు. ఇంకొంచెం పట్టుదల చూపి ఉంటే జిల్లా ఆసుపత్రుల ముఖచిత్రమే మారేది.

ఇంకో మాట. ఈ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో పడినవాడికి. బీపీ, షుగరు మాత్రలకు పేదవాడు జేబు తడుముకుంటూనే ఉన్నాడు. రోగం ముదిరాక లక్షలు పెట్టే ప్రభుత్వం, ముదరకుండా చూడటానికి వందలు పెట్టడానికి వెనకాడుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక్కసారి వేరుగా ఆలోచించారు. అక్కడ ప్రబలిన కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. అయినా పలాసలో 200 పడకల ఆసుపత్రి కడుతూనే, 700 కోట్లతో హిరమండలం నుంచి పైపుల్లో తాగునీరు తెచ్చారు. 2023 డిసెంబరులో రెండూ కలిసే ప్రారంభమయ్యాయి. ఆసుపత్రితో పాటు నీళ్ళ పైపును కూడా ఆరోగ్య పద్దు కింద చూడగలగడమే పాలన.

కేంద్రం 2017లో ప్రకటించిన జాతీయ ఆరోగ్య విధానం, 2020 కల్లా రాష్ట్రాలు తమ బడ్జెట్లో 8 శాతానికి పైగా ఆరోగ్యానికి పెట్టాలంది. చాలా రాష్ట్రాలు ఆ గీత దాటలేదు. ఈలోగా 2025లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం మొదటి రెండున్నర లక్షలు బీమా కంపెనీ ద్వారా, ఆపైన ట్రస్టు ద్వారా అనే పద్ధతికి ఒప్పుకుంది. 2007లో పథకం మొదలైంది కూడా బీమా కంపెనీతోనే. తర్వాత ట్రస్టే నేరుగా చెల్లించడం మొదలుపెట్టింది. ఏ పద్ధతైనా సరే, డబ్బు కట్టాల్సింది మళ్ళీ అదే ఖజానా.

ఈ సభలో శాసనసభ్యులున్నారు, పాత్రికేయులున్నారు. మీకు నా విన్నపం ఒక్కటే. ఇకమీదట పరిమితి పెంచామని ఎవరు ప్రకటించినా, ఏ నెల బిల్లుల వరకు చెల్లించారో అడగండి. ఆ వివరం ప్రతి నెలా మొదటి వారంలో, ఆసుపత్రివారీగా, ఆరోగ్యమిత్ర బల్ల పక్కనే గోడ మీద అంటించమనండి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఒక్క ఉత్తర్వు చాలు.