నిప్పుల వంటకు తీపి సాసు: ఇంట చేయు విధము, ఊరు చేయవలసిన పని

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఒకప్పుడు పల్లెలైన ఉప్పల్, నాచారములు నేడు మహానగరములో భాగములు. ఉప్పల్ పురపాలకము 2007లో గ్రేటర్ హైదరాబాదులో కలిసినది. 2017 నవంబరు నుండి మెట్రో రైలు ఉప్పల్ మీదుగా నడచుచున్నది. వరంగల్లు రోడ్డు మీద వచ్చు పల్లె కూరగాయలు ఈ కూడలి దాటియే నగరములో ప్రవేశించును. సాయంకాలము ఇక్కడ నిలిచి చూచినచో బండ్ల మీద నిప్పులు రాజుకొనుచుండును. ఒకచోట మొక్కజొన్న కంకులు, ఒకచోట కబాబులు, మరొకచోట కాల్చిన కోడి మాంసము. క్రికెట్ పోటీ జరుగు రోజున స్టేడియము పరిసరములలో ఈ సందడి మరింత హెచ్చును.

ఆ కాల్చిన మాంసము మీద పూయు ఎఱ్ఱని తీపి సాసును గూర్చియే నేడు మేము మనవి చేయదలచినాము. దీనిని బార్బెక్యూ సాసు అందురు. పంచాయతీ సభ్యులకు సాసుతో పనియేమి అని మీకు తోచవచ్చును. పని కలదు. రాజ్యాంగ 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది. దానితో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు ఉన్నవి. అందు ఎనిమిదవది చిన్న పరిశ్రమలు. ఆహార పదార్థముల తయారీ పరిశ్రమలు అందులోనివని స్పష్టముగా వ్రాయబడినది. కావున ఈ ప్రసంగము వంటింటికి ఎంత సంబంధించినదో పంచాయతీ కచేరికి కూడ అంత సంబంధించినది.

బార్బెక్యూ అను పేరు అమెరికా దిక్కు నుండి వచ్చినది. మన పూర్వులు రామములక్కాయ అని పిలిచిన టమాటాయు, మన మిరపకాయయు ఆ ఖండము నుండి వచ్చినవే. వచ్చి మనవైపోయినవి. ఇక పులుపు, తీపి, కారము కలిపిన రుచి మనకు ఎవరును నేర్పనక్కరలేదు. ఉగాది పచ్చడి తిన్నవారము, పులుసులో బెల్లపు ముక్క వేయువారము మనము. అమెరికా వారు చెరకు మడ్డితోను, చక్కెరతోను చేయునది మనము బెల్లముతో చేయగలము.

చేయు విధము

బాగుగా పండిన ఎఱ్ఱని టమాటాలు 2 కిలోలు, బెల్లము 250 గ్రాములు, చింతపండు 50 గ్రాములు, ఉల్లిగడ్డలు 100 గ్రాములు, వెల్లుల్లి 20 గ్రాములు, అల్లము 10 గ్రాములు, ఉప్పు 20 గ్రాములు, కారము 10 గ్రాములు, మిరియాలు, వేయించిన జీలకర్ర చెరి 5 గ్రాములు, నాలుగు లవంగములు, చిన్న దాల్చిన చెక్క, వెనిగరు 100 మిల్లీలీటర్లు సిద్ధము చేసికొనవలెను.

కుళ్ళినవి, బూజు పట్టినవి ఏరి పారవేయవలెను. మచ్చ తీసి మిగిలినది వాడుదమను ఆశ పనికిరాదు. టమాటాలను కడిగి, కోసి, ఉల్లి, వెల్లుల్లి, అల్లములతో ఉడికించి, గుజ్జును జల్లెడలో వడియగట్టవలెను. తొక్కయు గింజలును పైన నిలుచును. బెల్లమును కొద్ది నీటిలో కరగించి గుడ్డలో వడపోయవలెను. అందలి ఇసుక, చెరకు పిప్పి అప్పుడు కాని పోవు. చింతపండును వేడినీట నానబెట్టి రసము తీయవలెను. మిరియాలు, జీలకర్ర, లవంగములు, చెక్క కచ్చాపచ్చాగా దంచి పలుచని గుడ్డలో మూట కట్టవలెను.

స్టీలు గిన్నెలో గుజ్జును, చింతపండు రసమును, మూటను వేసి మరిగించవలెను. రాగి, ఇత్తడి, అల్యూమినియము పాత్రలు వాడరాదు. పులుపు ఆ లోహములను తినును. గుజ్జు సగమైన పిదప బెల్లము, ఉప్పు, కారము చేర్చవలెను. బెల్లము మొదటనే వేసినచో అడుగంటును. అటుపిమ్మట చేయి విడువక కలుపవలెను. ఒక బొట్టు పళ్ళెము మీద వేసినప్పుడు దాని చుట్టు నీరు చేరకుండినచో సాసు తయారైనట్లు. మూటను పిండి తీసివేసి, వెనిగరు పోసి, మరల ఐదు నిమిషములు మరిగించవలెను. సుమారు ముప్పాతిక కిలో సాసు వచ్చును.

నిప్పుల వాసన కావలెనన్నచో సీసాలోని పొగ ద్రావకము కొననక్కరలేదు. హైదరాబాదు వంటిళ్ళలో ధుంగార్ అను పద్ధతి కలదు. వెనిగరు పోయుటకు ముందు, చిన్న స్టీలు గిన్నెలో కణకణలాడు బొగ్గు ఉంచి, దానిని సాసు మీద తేలనిచ్చి, బొగ్గు మీద రెండు లవంగములు, ఒక చుక్క నెయ్యి వేసి ఐదు నిమిషములు మూత పెట్టవలెను. ఇది తలుపులు, కిటికీలు తెరచి చేయవలసిన పని. మూసిన గదిలో బొగ్గుల కుంపటి ప్రాణము తీయును.

వాడునప్పుడు ఒక జాగ్రత్త. మాంసమునకు గాని, పనీరునకు గాని, మొక్కజొన్నకు గాని ఈ సాసు మొదటనే పూసి కాల్చినచో బెల్లము మాడి చేదెక్కును. లోపల పచ్చిగానే యుండును. పూర్తిగా కాలిన పిమ్మట, చివరి కొద్ది నిమిషములలో పూయవలెను. పచ్చి మాంసమును తాకిన కుంచెను సీసాలో ముంచరాదు.

మేము చేసిన తప్పు

ఇంతవరకు రుచిని గూర్చి చెప్పినాము. ఇక అసలు విషయము. కొన్నేండ్ల క్రిందట మేము కొందరు మహిళలతో కలిసి ఇట్టి సాసునే చేసినాము. రుచి అందరును మెచ్చిరి. సాసు చల్లారిన పిదప, కడిగిన పాత నీళ్ళ సీసాలలో నింపినాము. పులుపు ఎక్కువైనదని ఎవరో అనగా వెనిగరు సగము తగ్గించినాము. తేదీ వేయలేదు. వారము తిరుగక మునుపే ఒక దుకాణములో మూత ఎగిరి సాసు గోడకు కొట్టినది. దుకాణదారుడు మిగిలిన సీసాలన్నియు తిప్పి పంపినాడు. సంఘమువారు పొదుపు సొమ్ము నుండి తీసిన పెట్టుబడి పోయినది. డబ్బు మెల్లగా తిరిగి వచ్చినది గాని, ఆ దుకాణము మాత్రము మరల తలుపు తీయలేదు. ఆ సీసా తెరచి ఎవరైన పసివానికి పెట్టియుండినచో ఏమయ్యెడిదో అని తలచినప్పుడు నేటికిని మాకు గుండె జల్లుమనును.

ఆనాడు తెలియనిది తరువాత నేర్చుకొన్నాము. ఈ సాసును కాపాడునది ముఖ్యముగా పులుపు. టమాటా పులుపు ఒక్కటే చాలదు. చింతపండు, వెనిగరు కొలత తగ్గింపరాదు. అయితే బజారులో దొరకు ఆహారపు వెనిగరునే కొనవలెను. రసాయన దుకాణములలోని గాఢ ఎసిటిక్ ఆమ్లము నోటిని, గొంతును కాల్చును. దానిని వంటింటికి తేరాదు. గాజు సీసాలను, మూతలను నీటిలో అరగంట మరిగించి, సాసు పొగలు గ్రక్కుచుండగనే నింపి, పైన కొద్ది ఖాళీ యుంచి మూత బిగింపవలెను. పిదప అడుగున గుడ్డ పరచిన గిన్నెలో నిలువబెట్టి, మెడ వరకు నీరు పోసి, ఆ నీరు బాగుగా కాగిన తరువాత అరగంట యుంచవలెను. సీసా మీద చేసిన తేదీ వ్రాయవలెను. తెరచిన సీసాను శీతల పెట్టెలో ఉంచి నెలలోపల ముగింపవలెను. మూత ఉబ్బినను, నురుగు వచ్చినను రుచి చూడక పారవేయవలెను.

పంచాయతీ చేయదగినది

ధర పడిపోయిన ఏట రైతు టమాటాలను రోడ్డు ప్రక్కన పారబోయుట మీరందరు చూచియే యుందురు. ఇంటింట సాసు చేసినంత మాత్రమున ఆ దుఃఖము తీరునని మేము అనము. రెండు కిలోల కాయ ముప్పాతిక కిలో సాసగును. కాయ చౌకైననాడు గాజు సీసా వెల కాయ వెలను మించును. గ్యాసు, సీసా, కూలి లెక్క వ్రాయని సంఘము లాభమని తలచి నష్టపోవును. కాని పారబోయు బుట్టలలో కొన్నియైన నిలువ సరుకగుట, నలుగురు స్త్రీలకు పని దొరకుట చిన్న మేలు కాదు.

ఇందుకు పంచాయతీ నాలుగు పనులు చేయవచ్చును. సాసు చేయు చోటికి పరీక్షించిన మంచినీరు ఇప్పించుట మొదటిది. ఖాళీగా నున్న పంచాయతీ గదియొకటి ఈగలు రాకుండ జాలి వేయించి సంఘమునకు ఇచ్చుట రెండవది. శిక్షణ మూడవది. మైసూరులో 1950లో ప్రారంభమైన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయమునకు ఉప్పల్ రోడ్డులోనే, హబ్సిగూడలో ఒక కేంద్రము కలదు. ఎంత దూరము నుండియో జనులు అట్టి చోట్లకు వచ్చుచుండగా, ఈ చుట్టుపట్ల వారు ఆ గేటు ముందు నుండి బస్సులో పోవుచు లోపలికి తొంగిచూడక పోవుట న్యాయము కాదు. ఎంత చిన్న తయారీదారుడైనను అమ్ముటకు ముందు ఆహార భద్రతా సంస్థ వద్ద నమోదు కావలెను. ఆ కాగితములు పూరించుటలో తోడ్పడుట నాలుగవది.

ఒక్క మాట మరువరాదు. ఇందు బెల్లము, ఉప్పు హెచ్చు. బెల్లము గనుక మధుమేహమునకు దోషము లేదనుట భ్రమ. ఇది పండుగనాటి రుచియే గాని ప్రతి పూట కూర కాదు.

మీ ఊరి పేరు వేసిన సీసా ఒకటి ఉప్పల్ దుకాణములో నిలిచిన రోజున, దానిని కొనువారు మీ ఊరిని చూచి యుండరు. ఆ సీసాయే వారికి మీ ఊరు. అందు కొలత తప్పకుండ చూచుట వండిన స్త్రీల బాధ్యత యెంతయో, వారికి నీరును, చోటును, విద్యను సమకూర్చు మన బాధ్యతయు అంతే. మొదట రెండు కిలోలతో మీ ఇంటనే చేసి చూడుడు. నెల గడచిన పిదప ఆ సీసా చెడక నిలిచినచో, అప్పుడు సంఘమును పిలువుడు.