పోయిన డిస్కు - మిగిలిన లెక్క

నేడు పల్లెలయందు సైతము ఇంటి వ్రాతకోతలు చాలవఱకు కాగితమును విడిచి కంప్యూటరులోనికి చేరినవి. దస్తావేజుల నకళ్లు, పెండ్లి ఫొటోలు, దూరదేశములనుండి పిల్లలు పంపిన చిత్రములు, గతించిన పెద్దల కంఠస్వరములు, ఇవన్నియు డిస్కులనబడు చిన్న పెట్టెలలో నిలువ చేయబడుచున్నవి. ఇండ్లలో ఇందుకు విశేషముగా వాడు డిస్కు తిరుగుడు యంత్రము. దాని లోపలి పళ్లెములు నిమిషమునకు 5,400 సారులో, 7,200 సారులో తిరుగుచుండును. తిరుగునది యెప్పుడో యొకప్పుడు ఆగక మానదు. ఆగినప్పుడు అందలి సొత్తు పోకుండుటకు ఒక లెక్క కలదు. ఆ లెక్క యెట్టిది, దానిని నమ్మి పోయిన డిస్కును మఱల నింపుకొనునప్పుడు చేయదగినదేమి, చేయరానిదేమి అను విషయమును నేడు మనవి చేసెదను.

మా యింట ఒక సర్వరు కలదు. సర్వరనగా ఇంటిల్లిపాదికిని ఉమ్మడి గాదె వంటి నిలువ యంత్రము. అందు అయిదు డిస్కులున్నవి. నాలుగింట మా దాఖలాలుండును. అయిదవదానికి పారిటీ డిస్కని పేరు. దానిలో ఫొటో లేదు, పాట లేదు, దస్తావేజు లేదు. తక్కిన నాలుగింటి లెక్క మాత్రమే కలదు. ఈ యేర్పాటును నడుపునది అమెరికాలోని లైమ్ టెక్నాలజీ సంస్థవారి అన్‌రెయిడ్ అను వ్యవస్థ. అనేకములగు చవుక డిస్కులను కూర్చి, ఒకటి చెడినను సొత్తు చెడకుండ కాపాడవచ్చునని 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖకు చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, క్యాట్జ్ అను మువ్వురు ఒక ప్రసిద్ధ వ్యాసములో వివరించిరి. అప్పటినుండి యీ పద్ధతి పలు రూపముల వ్యాపించినది.

లెక్క మనకు తెలియనిది కాదు. నలుగురు రైతులు కొలిచిన ధాన్యము 12, 9, 15, 7 బస్తాలనియు, మొత్తము 43 బస్తాలనియు కరణముగారి చిట్టాలో వ్రాసియున్నదనుకొందము. మూడవ రైతు పేరెదుటి యంకె తడిసి చెఱిగిపోయినది. తక్కిన మువ్వురివి కలిపి 28. మొత్తమునుండి అది తీసివేసినచో 15 తేలును. ఆ యంకెకు వేఱుగా నకలు లేదు. అయినను అది మొత్తములో దాగియున్నది.

డిస్కునందు ఒకటి, సున్న అను రెండే గుర్తులుండును గావున, కూడిక బదులు సరి-బేసి చాలును. నాలుగు డిస్కులలోను మొదటి గడియందు వరుసగా 1, 0, 1, 1 ఉన్నవనుకొనుడు. ఒకట్లు మూడు, అది బేసి. దానిని సరి చేయుటకు పారిటీ డిస్కు తన మొదటి గడిలో 1 వ్రాసికొనును. మూడవ డిస్కు పోయినది. మిగిలినవి 1, 0, 1, పారిటీలో 1. ఒకట్లు మూడే యున్నవి. సరి కావలెనన్న పోయినది 1 కాక తప్పదు. చింతగింజలతో సరి-బేసి ఆడు పిల్లవాడును ఈ లెక్క చేయగలడు. యంత్రము దీనినే లక్షలకోట్ల గడులకు చేయును.

నిరుడు వానకాలమున మా సర్వరులో మూడవ డిస్కుపై వ్రాత సాగలేదు. యంత్రము దానిని పక్కకు పెట్టి ఎఱ్ఱగుర్తు చూపినది. నేను యంత్రమును ఆపి, డిస్కును ఊడదీసి బల్లమీద నుంచి, మఱల నడిపించితిని. మా తల్లిగారు పాడిన మంగళహారతులు ఆ డిస్కుమీదనే యుండెను. ఆమె గతించి చాలకాలమైనది. ఆ పాటను తెఱవగా ఎప్పటివలెనే వినబడినది. మా మనుమడు ఆశ్చర్యపడి, "తాతా, డిస్కు బల్లమీద ఉంది గదా, తాతమ్మ పాట ఎక్కడినుంచి వస్తున్నది?" అని యడిగెను. మిగిలిన నాలుగు డిస్కులును ఒక్కసారిగ చదివి, పోయినదానిని అప్పటికప్పుడు లెక్క కట్టి యంత్రము వినిపించుచున్నదని చెప్పితిని.

ఇచ్చటనే జాగ్రత్త వలయును. డిస్కు లేనప్పుడు యంత్రము ఏమి చూపుచున్నదో, క్రొత్త డిస్కుమీద అదియే వ్రాయబడును. అంతకు మించి ఏమియు రాదు. కావున తొందరపడక ముందుగా దాఖలాలను తెఱచి చూచుకొనవలయును. ఒక్కొక్కప్పుడు ఆ చోటు చదువుటకు వీలు లేదని యంత్రము తెలిపి, ఫార్మాట్ చేయుమందురా యని యడుగును. ఒప్పుకొనరాదు. ఫార్మాట్ అనగా పలకను తుడిచివేయుట. డిస్కు బల్లమీద నున్నను, ఆ తుడుపు పారిటీ లెక్కలో చేరును. పిమ్మట తిరిగి నింపినచో ఖాళీ డిస్కే వచ్చును. అట్టిచో చేయవలసినది దాఖలాల పట్టీని బాగుచేయుట గాని తుడుచుట గాదు.

రెండవది, దోషమెచ్చటనో విచారింపవలయును. డిస్కు తన ఆరోగ్యపు చిట్టాను తానే వ్రాసికొనును. దానికి స్మార్ట్ అని పేరు. చెడిన గడుల సంఖ్య అందు పెరుగుచున్నచో డిస్కే కారణము. మార్గమధ్యమున తప్పిన సంఖ్య మాత్రమే పెరుగుచున్నచో తఱచు తీగెయే కారణము. మా డిస్కున చెడిన గడులు పెరుగుచుండుటచే క్రొత్తది తెప్పించితిని. అది పోయినదానికంటె చిన్నది కారాదు, పారిటీ డిస్కుకంటె పెద్దది కారాదు. పాతదానిని తుడువక భద్రపఱచితిని. లెక్క తప్పినచో చివరి యాధారమదియే.

మూడవది, కాలము. మా డిస్కు 8 టెరాబైట్లది, అనగా 8 లక్షల కోట్ల బైట్లు. సెకనుకు 15 కోట్ల చొప్పున వ్రాసినను దాదాపు 15 గంటలు పట్టును. అంతసేపును మిగిలిన డిస్కులన్నియు మొదటినుండి తుదివఱకు చదువబడవలయును. ఆ నడుమ ఇంకొకటి చెడినచో, పారిటీ యొక్కటియే యున్నవారికి ఆ రెంటి సొత్తును లెక్కకు అందదు. చిట్టాలో ఇద్దరి యంకెలు చెఱిగినచో ఇద్దరిదియు కలిపి యెంతో తెలియును గాని, ఎవరిదెంతో తెలియదు గదా! అన్‌రెయిడ్‌లో ఒక్కొక్క డిస్కు దాఖలాలు దానియందే విడిగా నుండుటచే తక్కినవి మాత్రము దక్కును. రెండవ పారిటీ డిస్కు నుంచుకొన్నవారు రెండు పోయినను తట్టుకొందురు.

మాకున్నది ఒక్కటే. కావున నింపుట మొదలిడక మున్నే మంగళహారతులను, భూమి దస్తావేజులను వేఱొక డిస్కుమీదికి ఎత్తుకొంటిని. కరెంటు పోయినను యంత్రమాగకుండ బ్యాటరీ అమర్చితిని. పిదప యంత్రమునాపి, మూడవ స్థానమున క్రొత్త డిస్కును చూపి, నడిపించితిని. సాయంత్రము ఆరింట మొదలైన పని మఱునాటి యుదయము తొమ్మిదిగంటలు దాటిన పిమ్మట ముగిసినది. అటుపిమ్మట పారిటీ పరీక్ష చేయించి, దాఖలాలను ఇక్కడొకటి అక్కడొకటి తెఱచి చూచితిని. ఈ పరీక్షను మేము నెలకొకసారి చేయించుచుందుము. లెక్క ఎప్పటికప్పుడు సరిగా నుండకున్నచో, అవసరమైన నాడు అది చెప్పు సమాధానమును తప్పుగనే యుండును.

తుదకు ఒక మాట. పారిటీ లెక్కయే గాని నకలు గాదు. డిస్కు చచ్చినప్పుడు అది ఆదుకొనును. మన చేయి తుడిచినదానిని ఆదుకొనదు. తుడుపును సైతము అది నమ్మకముగ లెక్కలో చేర్చుకొనును. పిడుగు, అగ్ని, దొంగతనము, వరద ఇవి అయిదు డిస్కులను ఒక్కసారిగ హరించును. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచిన సంగతి మీలో పలువురకు జ్ఞాపకముండును. ఇంటనున్న సొత్తంతయు కొట్టుకొనిపోవునప్పుడు ఏ పెట్టె దేనిని కాపాడగలదు? మన పూర్వులు తాటాకు గ్రంథము శిథిలము కాకమునుపే వేఱొక ప్రతి వ్రాయించుచుండిరి. మనమును ఆ పనియే చేయవలయును. ముఖ్యమైన దాఖలాలకు ఒక నకలు తీసి, వేఱొక యూరిలో నమ్మకమైన బంధువుల యింట నుంచుడు. ఏడాదికి రెండుమారులైనను దానిని తెప్పించి, క్రొత్తవానిని చేర్చి, తెఱచి చూచి, మఱల పంపుచుండుడు.