టీకా హాని – న్యాయమైన పరిహారము

టీకా వేయించుకొనువాడు తన మేలుతోపాటు ఇరుగుపొరుగుల మేలును గూడ కోరినవాడగును. పెక్కుమందిని కాపాడిన మందు ఏ ఒక్కరికో హాని చేసినచో ఆ భారమును ఎవరు మోయవలెను? ఈ ప్రశ్నకు అమెరికా దేశము వెదకికొనిన సమాధానమును శ్రోతలకు మనవి చేయదలచితిమి.

1976లో న్యూజెర్సీ రాష్ట్రమందలి ఫోర్ట్ డిక్స్ సైనిక శిబిరమున పందులకు వచ్చు ఇన్‌ఫ్లుయెంజా జాతి జ్వరము పొడచూపెను. 1918 నాటి మహమ్మారి మరల వచ్చునేమో యని ప్రభుత్వము దేశమంతటికిని టీకాలు వేయ బూనెను. బీమా సంస్థలు వెనుదీయగా, వ్యాజ్యములలో ప్రభుత్వమే ప్రతివాదిగా నిలుచునట్లు చట్టము చేయబడెను. నాలుగు కోట్లకు పైగా జనులు టీకా వేయించుకొనిరి. మహమ్మారి రాలేదు; కాని లక్షమందిలో ఇంచుమించు ఒకరికి అదనముగా గులియన్ బారీ వ్యాధి వచ్చెను. ఈ వ్యాధిలో దేహరక్షణశక్తి తన నరములనే దెబ్బతీయును. పాదములలో తిమ్మిరి మొదలై బలహీనత పైకి ప్రాకును. ఒక్కొక్కప్పుడు ఊపిరి తీయుటయే కష్టమగును. పలువురు కోలుకొందురు, కొందఱికి అవిటితనము మిగులును.

అట్టి రోగి ఇతరుల అశ్రద్ధను కోర్టులో ఋజువు చేయుట ఎంత దుర్ఘటము! అందుచేత 1986లో ఒక చట్టము చేసి, 1988 నుండి అమలుపఱచిరి. తప్పెవరిదను విచారణ దీనియందు లేదు. టీకాలపై సుంకము విధించి నిధి నేర్పఱచిరి. ఏ టీకా వేసిన ఎన్నాళ్లకు ఏ హాని కనబడినచో టీకాయే కారణమని భావింపవలెనో ఒక పట్టికలో వ్రాసిరి. ఇన్‌ఫ్లుయెంజా టీకా వేసిన 3 మొదలు 42 దినములలోపల వచ్చిన గులియన్ బారీ వ్యాధిని 2017లో అందు చేర్చిరి. వేఱు కారణము కనబడనిచో రోగి ఋజువు వెదకనక్కఱలేదు. పట్టికకు వెలుపలి హానికి మాత్రము వైద్యుల సాక్ష్యము కావలెను. దావా సదుద్దేశముతో, తగిన ఆధారముతో వేసినదైనచో, ఓడినను న్యాయవాది రుసుము నిధినుండియే ఈయవచ్చును.

గడువు మాత్రము కఠినమైనది: తొలి లక్షణము కనబడిన నాటినుండి 3 సంవత్సరములు. కోవిడ్ టీకాలను చేర్చిన వేఱొక పద్ధతిలోనైతే టీకా వేసిన నాటినుండి ఒక్క యేడే గడువుగా ఉంచిరి. న్యాయవాది రుసుమునకు ఏర్పాటు లేదు. రోగి మంచము దిగకమునుపే హక్కు చెల్లిపోవచ్చును గదా!

కావున టీకా తేది, మందు సంఖ్య, తొలి లక్షణము కనబడిన దినము, ఆసుపత్రి కాగితములు భద్రపఱచుట కుటుంబమువారి తొలి కర్తవ్యము. పరిహార మడుగుట టీకాలను నిందించుట కాదు. అందఱి క్షేమము కొఱకు చేయి చాచిన వానిని, హాని కలిగినపుడు అందఱును ఆదుకొనుటయే న్యాయమని మా అభిప్రాయము.