పెట్టె మీద కూర్చున్నవాడు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

మిత్రులారా, విదేశంలో నా అనుభవం గురించి చెప్పమన్నారు. అది చెప్పాలంటే ముందు ఒక పాత కథ చెప్పాలి.

లండన్ మిషనరీ సంఘం 1795లో పుట్టింది. మరుసటి ఏడాదే డఫ్ అనే ఓడలో 30 మందిని పసిఫిక్ దీవులకు పంపింది. అందులో దీక్ష తీసుకున్న పాదిరీలు నలుగురే. మిగిలినవాళ్ళు వడ్రంగులు, తాపీ పనివాళ్ళు, మనలాంటి చేతిపనివాళ్ళు. 1797లో మార్క్వెసస్ దీవుల్లో హారిస్, క్రూక్ అనే ఇద్దరు దిగాలి. హారిస్ కొద్ది రోజులకే బెదిరిపోయి, తన పెట్టెతో తీరానికొచ్చి కూర్చుని, తిరిగి ఓడెక్కేశాడు. కుర్రవాడైన క్రూక్ ఒంటరిగా ఉండిపోయి వాళ్ళ మాట నేర్చుకున్నాడు. తాహితీలో దిగిన హెన్రీ నాట్ తాపీ మేస్త్రీ. ఆయన తాహితీ భాషలోకి తెచ్చిన బైబిలు 1838లో అచ్చయింది.

అదే సంఘం 1805లో మన విశాఖపట్నానికి జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరిని పంపింది. మన రేవు తెరిచింది 1933లో కదా, అప్పుడు అలల మీద పడవలోనే ఒడ్డు చేరాలి. కుంఫణీ దొరల అండ వాళ్ళకుంది, అది కాదనను. అయినా ఆ అండ తెలుగు నేర్పదు. ఆనందరాయర్ అనే మరాఠీ బ్రాహ్మణుడు క్రైస్తవుడై వచ్చి వాళ్ళతో చేరాడు. ఆయన సాయంతో సువార్తల అనువాదం సాగింది. 1809లో క్రాన్, 1810లో డెస్ గ్రాంజెస్ చనిపోయారు. మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. వాళ్ళ మతం సంగతి ఎలా ఉన్నా, అచ్చు చూడకుండానే పోయిన ఆ ఇద్దరంటే నాకు గౌరవం.

ఇక నా సంగతి. ఇండోనేషియాలో ఒక దీవిలో జెట్టీ పని, రెండేళ్ళ ఒప్పందం. ఏసీ గది, మనవాడే వంటవాడు, ఇంటి నుంచి ఆవకాయ. ఊళ్ళోకి వెళ్ళే పనే పడలేదు. ఒక సాయంత్రం అక్కడి మేస్త్రీ పైల్ చూపిస్తూ ఆదుర్దాగా ఏదో చెప్పాడు. అర్థమైనట్టు నవ్వి తలూపాను. తెల్లారేసరికి కేసింగ్ ఒరిగిపోయింది. అడుగున మట్టి జారుతోందని ఆయన చెప్పాడట. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అది నా అదృష్టం. తరవాత ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. అదే నాకు ఎక్కువ బాధ.

ఏడో నెలలో వచ్చేశాను. అమ్మకు ఒంట్లో బాగోలేదని మీ అందరికీ చెప్పాను. అమ్మ నిక్షేపంలా ఉంది. హారిస్‌లా పెట్టె మీద కూర్చున్నవాణ్ణి నేనే.

ఇప్పుడు మా సైట్‌లో ఒడియా కుర్రాళ్ళు ఎక్కువ. సాయంత్రాలు వాళ్ళ దగ్గర ఒడియా అక్షరాలు దిద్దుతున్నాను. గుండ్రంగా, మనవాటిలాగే అనిపిస్తాయి గానీ, గుణింతాల దగ్గర తప్పులు పోతున్నాయి. మా తెలుగు మాస్టారు ముందు వరసలోనే ఉన్నారు, ఆయనకు ఈ మాట ఆశ్చర్యం కాదు.