హైదరాబాద్ పేరున్న పటాలం



రెండో ప్రపంచయుద్ధంలో మలయాలో పోరాడిన పటాలాల్లో 4/19 హైదరాబాద్ రెజిమెంట్ (19వ రెజిమెంటులో నాలుగో పటాలం) ఒకటి. అందులో మన తెలుగువాళ్లు ఎంతమంది అని అడగబోతున్నారు కదా? వెతకడం దండగ. నిజాం ఖర్చుతో నడిచిన కంటింజెంట్ సైన్యమే దానికి మూలం. ఆ ఖర్చు బాకీ కిందే 1853లో బేరార్ ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. యుద్ధం నాటికి మాత్రం ఆ రెజిమెంటులో ఎక్కువగా ఉత్తరాది అహీర్లు, జాట్లు, కుమావూనీలే. తెలుగోడు యుద్ధానికి పనికిరాడని దొరలు ఎప్పుడో తేల్చేశారు. నిజాం రాజ్యం పక్కనున్న మద్రాసు రాజ్యంలోనూ అంతే: మద్రాస్ రెజిమెంటును 1928కల్లా ఎత్తేశారు. కంపెనీ కాలంలో వాళ్ల యుద్ధాలు గెలిచిపెట్టింది ఎవరో మరి!

అసలు సంగతి ఆఫీసర్లది. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక భారతీయులకూ ఆఫీసరు హోదా (కమిషన్) ఇవ్వక తప్పలేదు. ఇస్తే, రేపు తెల్లవాడు మనవాడికి సెల్యూట్ కొట్టి ఆజ్ఞ వినాలి. 1923లో ఉపాయం దొరికింది: ఎనిమిది పటాలాలు ఎంచి, మన ఆఫీసర్లను వాటిలోకే పంపడం. వాడలు ఊరికి దూరంగా ఎందుకున్నాయో తెలిసిన మీకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. 1932లో డెహ్రాడూన్ అకాడమీ తెరిచాక, అక్కడ చదివి వచ్చినవాళ్లకు తెల్ల ఆఫీసర్లకన్నా జీతమూ తక్కువే. పైగా అంతకుముందు జమేదార్లనే కింది అధికారులు చేసిన ప్లాటూన్ పని అప్పగించారు.

ఆ ఎనిమిదింటిలో మన పేరున్న 4/19 ఒకటి. తర్వాత దేశానికి సైన్యాధ్యక్షుడైన తిమ్మయ్య అందులోనే పనిచేశాడు. 1939లో ఈ పటాలం సింగపూర్ చేరింది. అక్కడి తెల్లవాళ్ల క్లబ్బుల్లోకి భారతీయ ఆఫీసర్లకు ప్రవేశం లేదు. 1940లో లెఫ్టినెంట్ జహీరుద్దీన్‌ను ఇంటికి పంపేయమన్నారు. ఒక తెల్ల స్త్రీతో అతనికున్న స్నేహం పైవాళ్లకు కంటగింపైంది. టైర్సాల్ పార్క్ శిబిరంలో అహీర్ జవాన్లు ఎదురుతిరిగారు. తమ మతం కాని, తమ కులం కాని ఆఫీసరు కోసం! నాకు ఈ కథలో అన్నిటికన్నా పెద్ద విషయం ఇదే. వాళ్లను శాంతింపజేయడానికి తిమ్మయ్య లాంటి మన ఆఫీసర్లే కావలసివచ్చారు.

1942 జనవరిలో స్లిమ్ నది దగ్గర జపాన్ ట్యాంకులు ఆ పటాలాన్ని తుడిచిపెట్టాయి. 1945లో రెజిమెంటుకు హైదరాబాద్ పేరు తీసి కుమావూన్ అని పెట్టారు.

ఎనిమిదింటిలో మరొకటి 1/14 పంజాబ్. ఆజాద్ హింద్ ఫౌజ్‌ను మొదట కట్టిన మోహన్ సింగ్ దానిలోవాడు. షానవాజ్ ఖాన్, ధిల్లాన్ కూడా. ఆ ఫౌజ్ వాళ్లపై 1945లో ఎర్రకోటలో జరిగిన తొలి విచారణలో నిలబడ్డ ముగ్గురిలో ఇద్దరు ఆ పటాలం ఆఫీసర్లే.